రెండు సూర్యుళ్ళ కింద ఆరేసిన బట్టలు

సభకు నమస్కారం.

నేను వృత్తిరీత్యా వాతావరణ పరిశీలకుడిని. ముప్ఫై ఏళ్ళకు పైగా నా ఉద్యోగమంతా తల ఎత్తి ఆకాశం వైపు చూడటం, చూసినదాన్ని అంకెలలో రాయడం. ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకంలో చేరిన నీటిని కొలవాలి. ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించుకుని అందులో ఎన్ని భాగాలను మేఘం కప్పిందో చెప్పాలి. ఆ మేఘం ఏ జాతిదో, సుమారుగా ఎంత ఎత్తున ఉందో, గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో నమోదు చేయాలి. ఆ రిజిస్టరులో 'అందమైన మేఘం' అని రాసుకోవడానికి గడి లేదు. ఆ గడి లేని లోటు తీర్చుకోవడానికే కాబోలు, రాత్రి డ్యూటీలలో రెండు పరిశీలనల మధ్య దొరికిన ఖాళీలో ఇతర గ్రహాల కథలూ, మంత్రలోకాల కథలూ చదవడం నాకు అలవాటైంది. ఈ గ్రంథాలయం వారు అటువంటి కథలలోని వాతావరణం గురించి, అక్కడి ఆకాశాల ఆకర్షణ గురించి మాట్లాడమని అడిగినప్పుడు, సాహిత్య విమర్శకుడిని కానని ముందే మనవి చేశాను. మేఘాలను లెక్కపెట్టినవాడు కథలు ఎలా చదువుతాడో చెబుతాను, అంతవరకే నా అర్హత.

1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రంలో ఒక కుర్రవాడు ఎడారి అంచున నిలబడి, దిగంతంలో రెండు సూర్యుళ్ళు అస్తమిస్తూ ఉండగా చూస్తాడు. ఆ చిత్రం చూడనివారికి కూడా ఆ దృశ్యం ఎక్కడో తారసపడే ఉంటుంది. సరిగ్గా 34 ఏళ్ళ తరువాత, 2011లో, కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని రెండు నక్షత్రాల చుట్టూ కలిపి తిరిగే ఒక గ్రహాన్ని కనిపెట్టింది. దానికి కెప్లర్-16బి అని పేరు. ఆ రెండు నక్షత్రాలలో పెద్దది నారింజ రంగుది, చిన్నది ఎర్రనిది. అవి ఒకదాని చుట్టూ ఒకటి 41 రోజులకొకసారి తిరుగుతాయి, గ్రహం వాటిని 229 రోజులకు చుట్టి వస్తుంది. శని వంటి వాయుగ్రహం కనుక దాని మీద కాలు మోపే నేల ఉండదు గాని, దానికొక ఉపగ్రహం ఉన్నదనుకుందాం. అక్కడ ఒక ఇల్లాలు పెరట్లో తీగ కట్టి బట్టలు ఆరేసుకుంటోందనుకుందాం. ప్రతి బట్టకూ రెండు నీడలు పడతాయి. నారింజ సూర్యుడి వల్ల పడిన నీడలోకి ఎర్ర సూర్యుడి వెలుగు మాత్రమే చేరుతుంది కనుక ఆ నీడ నల్లగా ఉండదు, ముదురెరుపుగా ఉంటుంది. చిన్న సూర్యుడు పెద్దవాడి వెనక్కు పోయిన పూట రెండో నీడ మాయమవుతుంది. ఆమె పిల్లలు నీడను తొక్కే ఆట ఆడితే ఏ నీడను తొక్కాలన్నదానికి ఏదో ఒక నియమం పెట్టుకుని ఉంటారు.

నాకు ఇటువంటి కథల మీద ఉన్న ఇష్టమంతా ఆ నియమం దగ్గరే ఉంది. వింత ఆకాశాన్ని చిత్రించడం కష్టమేమీ కాదు. రంగు మార్చి, ఇంకో చంద్రుణ్ణి తగిలిస్తే సరిపోతుంది, పుస్తకాల అట్టల మీద అది రోజూ జరిగే పనే. ఆ ఆకాశం కింద పుట్టిపెరిగినవాళ్ళకు అది వింత కాదని, వాళ్ళు దానికి తగినట్టు గొడుగులూ సామెతలూ భయాలూ తయారు చేసుకుని ఉంటారని గుర్తుపెట్టుకున్న రచయిత దగ్గర మాత్రమే నాకు ఆ లోకం ఉన్నట్టు అనిపిస్తుంది.

మన కన్ను ఎంత మొండిదో చెప్పే ఒక నిజమైన ఉదంతం ఉంది. 1976 జులై 20న వైకింగ్-1 నౌక అంగారకుడి మీద దిగింది. మర్నాడు అక్కడి నుంచి మొదటి రంగుల చిత్రం వచ్చింది. ఆ చిత్రానికి రంగులు సరిచేసినప్పుడు ఆకాశం నీలిగా తేలింది; అందరికీ అది సబబుగానే కనిపించింది, ఎందుకంటే ఆకాశమంటే నీలిగానే కదా ఉండాలి. తరువాత, నౌక మీదే అమర్చిన రంగుల పట్టీతో పోల్చి జాగ్రత్తగా సరిదిద్దితే, ఆకాశం పసుపు, గులాబి కలిసిన ఒక మట్టిరంగుకు తిరిగింది. ఆ సంగతి ప్రకటించినప్పుడు అక్కడున్న విలేకరులు సరదాగా గోల చేశారని ఖగోళ శాస్త్రజ్ఞుడు కార్ల్ సేగన్ రాశారు; అంగారకుడు ఈ ఒక్క విషయంలోనైనా భూమిలా ఉండాలని వారి కోరిక అని ఆయన భావం. శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలోనే ఆకాశం ఒక రోజు పాటు అలవాటు ప్రకారం నీలిగా ఉండిపోయిందంటే, కథకులను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

అసలు సంగతి కల్పనకన్నా బాగుంటుంది. అంగారకుడి గాలిలో ఇనుము తుప్పు కలిసిన సన్నని ధూళి ఎప్పుడూ తేలుతూ ఉంటుంది. అది నీలికాంతిని పీల్చుకుని, తక్కిన వెలుగును అన్ని వైపులకూ చిమ్ముతుంది కనుక పగటి ఆకాశం మట్టిరంగులో ఉంటుంది. అదే ధూళి తాను పీల్చుకోగా మిగిలిన నీలికాంతిని పక్కలకు పోనీయకుండా ముందువైపుకే ఎక్కువగా పంపుతుంది. అందువల్ల సాయంత్రం సూర్యుడు దిగిపోతున్నప్పుడు అతని చుట్టూ మాత్రం నీలి వలయం కడుతుంది. మనకు పగలు నీలం, సంధ్య ఎరుపు. అక్కడ పగలు ఎరుపు, సంధ్య నీలం. అంగారకుడి మీద పుట్టిన కవి ఎవరైనా ఉంటే 'సంధ్యారుణం' అన్న మాట అతనికి అర్థమే కాదు, మన ప్రబంధాలకు టీక రాసుకోవలసి వస్తుంది.

అంగారకుడి గాలివానల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఇది నా వృత్తికి సంబంధించిన పేచీ. ఆండీ వీర్ రాసిన 'ది మార్షియన్' నవల పెద్ద తుపానుతో మొదలవుతుంది. ఆ గాలికి నౌక ఒరిగిపోతుందేమోనని భయపడి అందరూ వెళ్ళిపోగా, ఒక్కడు అక్కడ చిక్కుపడతాడు. అంగారకుడి గాలి సాంద్రత మన గాలిలో అరవయ్యో వంతు ఉంటుంది. అక్కడ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలి, తోపుడు బలంలో, ఇక్కడ గంటకు 13 కిలోమీటర్ల గాలితో సమానం. మన లెక్కలో అది ఆకులు కదిలించే గాలి. ఈ పొరపాటు తెలిసే చేశానని, కథకు అది అవసరమైందని రచయితే ఒప్పుకున్నారు కనుక ఆయనను వదిలేద్దాం. అయినా 1977 నవంబరు 19 నాటి దివిసీమ తుపాను గురించి ఇంట్లో పెద్దల నోట విన్న పాఠకుడు గాలివాన వర్ణన చదివేటప్పుడు దాన్ని తాను విన్నదానితో సరిచూసుకోకుండా ఉండలేడు. అతనికి గాలి అంటే పేజీ మీది విశేషణం కాదు.

అంగారకుడి తుపానులో నిజంగా భయపెట్టేది చీకటి. 1971 నవంబరులో మారినర్-9 అక్కడికి చేరేసరికి గ్రహమంతా ధూళి కప్పుకుని ఉండి, నేల కనిపించడానికి ఆ నౌక వారాల తరబడి కాచుకుని ఉండవలసి వచ్చింది. 2018లో అటువంటి తుపానే రేగినప్పుడు, 2004 నుంచి అక్కడ తిరుగుతున్న ఆపర్చునిటీ అనే రోవరుకు పగలు రాత్రిలాగా మారిపోయింది. సౌరఫలకాల మీద బతికే బండి అది. జూన్ 10న దాని చివరి సందేశం వచ్చింది. ఆ తరువాత దాన్ని ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. గాలి దాన్ని పడగొట్టలేదు, తోసెయ్యలేదు. వెలుగు లేక అది ఆగిపోయింది. ఈ చావు మీద ఒక కథ రాయదగ్గ రచయిత తెలుగులో ఉన్నారని నా నమ్మకం.

ఇక శుక్రుడి సంగతి. 1962 డిసెంబరులో మారినర్-2 ఆ గ్రహం పక్కనుంచి పోతూ దాని వేడిని కొలిచేదాకా, ఆ దట్టమైన మబ్బుల కింద ఏముందో ఊహించుకునే స్వేచ్ఛ అందరికీ ఉండేది. మబ్బులుంటే వాన ఉంటుంది, వాన ఉంటే చిత్తడి అడవులుంటాయి అని కథకులు వరుసగా కట్టుకుంటూ పోయారు. రే బ్రాడ్‌బరీ 1954లో రాసిన ఒక చిన్న కథలో శుక్రుడి మీద ఎడతెగని వాన కురుస్తూ ఉంటుంది. ఏడేళ్ళకొకసారి కాసేపు మాత్రం ఎండ కాస్తుంది. అక్కడి బడిపిల్లలలో సూర్యుణ్ణి గుర్తుంచుకున్నది భూమి నుంచి వచ్చిన ఒక్క పాపే. ఆ గుర్తు ఆమెకు మాత్రమే ఉన్నదన్న ఉక్రోషంతో తోటి పిల్లలు ఆమెను ఒక గదిలో పెట్టి మూసేస్తారు. ఎండ వచ్చి, వాళ్ళందరూ ఆడుకుని, మళ్ళీ వాన మొదలయ్యాక గాని ఆమె సంగతి వారికి గుర్తు రాదు.

శాస్త్రం ప్రకారం ఆ కథలో ఒక్క చినుకు కూడా నిలవదు. శుక్రుడి నేల మీద ఉష్ణోగ్రత 460 డిగ్రీల సెల్సియస్‌కు పైమాటే, గాలి ఒత్తిడి మనకన్నా 90 రెట్లు ఎక్కువ, మబ్బులలో ఉన్నది గంధకామ్లం. ఆ ఆమ్లపు జల్లు నేల చేరకుండానే ఆవిరైపోతుంది. అయినా ఆ కథ పాతబడలేదు. అదే కాలంలో వచ్చిన శుక్రగ్రహపు సాహసగాథలెన్నో చదివాను. వాటిలో వాన ఉత్త రంగస్థలపు తెర, అందుకే తెర తప్పని తెలిసిన రోజే నాటకం కూడా పోయింది. బ్రాడ్‌బరీ కథలో వాన పిల్లల మనసులలోకి దిగి వాళ్ళ చేత ఒక పని చేయించింది. నేను ఆ కథను మొదటిసారి చదివినప్పుడు నాకు తోచిన మాట 'ముసురు'. తెలుగులో చినుకు, తుంపర, జల్లు, జడివాన, కుండపోత అనే మాటలు ఎక్కువ భాగం వాన తీరును చెబుతాయి. ముసురు అలా కాదు. అందులో రోజుల తరబడి కమ్ముకున్న మబ్బు ఉంది, ఆరని బట్టల వాసన ఉంది, ఇంట్లో కూర్చున్నవాళ్ళ చిరాకు ఉంది. ఆ ఒక్క మాట చాలు, ఆ పిల్లలు ఎందుకలా చేశారో నాకు అర్థం కావడానికి.

శుక్రుడి ఆకాశంలో నా వృత్తివారికి ప్రత్యేకంగా ఇష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. పైగాలుల వేగం తెలుసుకోవడానికి మేము బెలూన్లు వదులుతాము. 1985 జూన్‌లో సోవియట్ యూనియన్ వారి వేగా నౌకలు రెండూ శుక్రుడి మబ్బులలో హీలియం నింపిన బెలూన్లను, ఒక్కొక్క దానిని, వదిలాయి. అవి దాదాపు 54 కిలోమీటర్ల ఎత్తున, మబ్బుల మధ్య, సుమారు రెండు రోజుల పాటు తేలుతూ 11,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేశాయి. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి మన భూమట్టపు ఒత్తిడిలో సగం, వేడి మన వేసవి వేడిలాంటిదే. కింద నరకం, పైన భరించదగ్గ వేడి. అందుకే ఈ మధ్య కథలలో శుక్రుడి మబ్బుల మీద తేలే ఊళ్ళు వస్తున్నాయి.

ఆకాశంలో తేలే ఊరు మనకు కొత్తది కాదు. మహాభారతంలో సాల్వుడి సౌభనగరం గాలిలో తిరుగుతుంది. త్రిపురాలలో బంగారుది స్వర్గంలో, వెండిది అంతరిక్షంలో, ఇనుపది భూమి మీద ఉంటాయి. నన్ను వీటికన్నా ఆశ్చర్యపరిచింది ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి 'బృహత్సంహిత'. అందులో ఆయన గ్రహణాలు, ఉల్కలు, సూర్యచంద్రుల చుట్టూ కట్టే పరివేషాలు, ఇంద్రధనుస్సు, సంధ్యారాగం అంటూ ఒక్కొక్క దానికీ అధ్యాయం కేటాయించి, ఆ వరుసలోనే 'గంధర్వనగరం' అని ఒక అధ్యాయం పెట్టాడు. ఆకాశంలో కోటలూ గోపురాలూ ఉన్న పట్టణం కనిపిస్తే దాని రంగునుబట్టి, దిక్కునుబట్టి ఫలితమేమిటో చెబుతాడు. మనం ఈనాడు అది ఎండమావి వంటి కాంతిభ్రమ కావచ్చునంటాం. నాకు నచ్చింది ఆయన పద్ధతి. ఆకాశంలో నగరం కనిపించిందంటే నోరు తెరిచి నిలబడకుండా, అది ఏ దిక్కున ఉంది, ఏ రంగులో ఉంది అని అడిగాడు. మా రిజిస్టరు గడులకు అది పూర్వరూపమే. అదే గ్రంథంలో మేఘాలకు గర్భం నిలుస్తుందని, మార్గశిరం నుంచి ఆ గర్భలక్షణాలు గమనించాలని, నిలిచిన గర్భం 195 రోజులకు వానగా ప్రసవమవుతుందని ఉంది. ఈ లెక్క మీద నేను వాతావరణ సూచన ఇవ్వను గాని, మేఘాలు కడుపుతో ఉండే లోకాన్ని ఏ కాల్పనిక రచయిత కల్పించినా అతనికి నమస్కరిస్తాను.

పరివేషానికి మన తెలుగు మాట 'వరదగుడి'. చంద్రుడి చుట్టూ గుడి దూరంగా కడితే వాన దగ్గర, దగ్గరగా కడితే వాన దూరం అని పల్లెలలో అంటారు. ఇందులో పరిశీలన ఉంది. దూరపు గుడి, అంటే పెద్ద వలయం, ఎత్తైన పలచని మంచుమేఘంలోని ఆరుపలకల స్ఫటికాల వల్ల చంద్రుడికి 22 డిగ్రీల దూరంలో కడుతుంది, అటువంటి మేఘం చాలాసార్లు పెద్ద వానకు ముందుగా నడుస్తుంది. దగ్గరి గుడి సన్నని నీటి తుంపరల వల్ల కట్టేది. 2021 డిసెంబరులో పర్సెవరెన్స్ రోవరు అంగారకుడి మీద సూర్యుడి చుట్టూ అటువంటి దూరపు గుడినే ఫొటో తీసింది. చిన్నప్పుడు అరుగు మీద పడుకుని వరదగుడి చూసి మర్నాటి కోతల గురించి మాట్లాడుకునే రైతులను విన్నవాడిని కనుక, ఆ చిత్రం చూసినప్పుడు నాకు మొదట తోచింది అక్కడ దాన్ని చూసి వాన ఎప్పుడొస్తుందని అడగడానికి ఎవరూ లేరే అని.

మన కార్తెల సంగతీ ఇక్కడ చెప్పుకోవాలి. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులను ఒక కార్తెగా లెక్కించి, రోహిణిలో రోళ్ళు పగులుతాయని, మృగశిరతో దుక్కి మొదలని, సేద్యమంతా ఇరవైయేడు మెట్లుగా కట్టుకున్నాం. జార్జ్ మార్టిన్ నవలలలో ఒక వేసవి ఏళ్ళ తరబడి సాగుతుంది, తరువాత వచ్చే చలికాలం ఎన్నేళ్ళుంటుందో ఎవరికీ తెలియదు. ఆ నవలలు చదువుతూ నేను యుద్ధాలకన్నా గాదెల గురించే ఎక్కువ ఆలోచించాను. ఎన్నేళ్ళకు సరిపడా గింజలు దాచాలి? చలికాలంలో పుట్టిన బిడ్డకు పంట అంటే ఏమిటో ఎలా చెబుతారు? ఇదంతా ఊహ అని కొట్టిపారేయనక్కర లేదు. మన భూమి ఇరుసు వంపు 23.4 డిగ్రీలు కాగా, యురేనస్ వంపు దాదాపు 98 డిగ్రీలు. ఆ గ్రహం పక్కకు పడుకుని దొర్లుతున్నట్టు తిరుగుతుంది, అక్కడి ధ్రువాలలో 42 ఏళ్ళు పగలు, 42 ఏళ్ళు రాత్రి. అక్కడి వారికి కార్తె ఒకటి దాదాపు మూడేళ్ళు.

రాత్రి అనగానే ఐజాక్ అసిమోవ్ 1941లో రాసిన 'నైట్‌ఫాల్' కథ గుర్తుకు రాకమానదు. ఆరు సూర్యుళ్ళున్న లోకంలో 2049 ఏళ్ళకొకసారి మాత్రమే చీకటి పడుతుంది. ఆ చీకటి భరించలేక ప్రతిసారీ నాగరికత తగలబడిపోతుంది. నేను ఆ కథను నమ్మడానికి కారణం 1980 ఫిబ్రవరి 16. ఆ రోజు మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక మీదుగా, మన తెలుగు నేల మీదుగా, ఒడిశా వైపు సాగింది. హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉంది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరలేదు, అద్దానికి మసి పట్టించి పొలంగట్టున నిలబడ్డాను, అది కంటికి ప్రమాదమని అప్పుడు తెలియదు. వీధులు ఖాళీ. గర్భిణులు తలుపులు వేసుకున్నారు, మట్టికుండలలో దర్భలు వేశారు. వెలుగు తగ్గిన తీరు సాయంత్రం తగ్గిన తీరులా లేదు. ఎండ ఎండలాగే ఉండి, అందులోంచి ఎవరో సారం లాగేసినట్టు అనిపించింది. కాకులు చెట్లకు చేరాయి, గాలి చల్లబడింది. తరువాత రెండు నిమిషాలపాటు చీకటి, నడి ఆకాశంలో చుక్క. సూర్యుడు మళ్ళీ వస్తాడని లెక్కలతో సహా తెలిసిన నాకే మోకాళ్ళు వణికాయి. అసిమోవ్ కథలో ఆ జనాన్ని చివరకు పిచ్చివాళ్ళను చేసింది చీకటి ఒక్కటే కాదు. చీకట్లో బయటపడిన వేలాది నక్షత్రాలు. తమ ఆరు సూర్యుళ్ళే సృష్టి అనుకున్నవాళ్ళకు ఆకాశం ఎంత లోతో ఒక్కసారిగా తెలిసింది.

చివరగా నాకు అన్నిటికన్నా ఇష్టమైన వానను చెప్పి విరమిస్తాను. శనిగ్రహపు చందమామలలో పెద్దదైన టైటన్ మీద 2005 జనవరి 14న హైగెన్స్ నౌక దిగింది. అక్కడ చలి సున్నాకు 179 డిగ్రీలు కింద, ఆకాశం నారింజ రంగు మసక, నేల మీద గులకరాళ్ళలా కనిపించేవి నీటిమంచు ముక్కలు. మన దగ్గర నీరు చేసే పనులన్నీ అక్కడ మీథేన్ చేస్తుంది. మబ్బు కడుతుంది, కురుస్తుంది, వాగులై పారుతుంది, ధ్రువాల దగ్గర సరస్సులై నిలుస్తుంది. టైటన్ గురుత్వం మన దాంట్లో ఏడో వంతు, గాలి మాత్రం మనకన్నా చిక్కన. ఆ రెంటి వల్ల అక్కడ చినుకు దాదాపు సెంటీమీటరు దాకా పెరగగలదు, అయినా మెల్లగా, మనిషి నడిచే వేగంతో దిగుతుంది. మన పెద్ద చినుకు సెకనుకు తొమ్మిది మీటర్ల దాకా వేగంతో పడుతుంది. అక్కడిది ఒకటిన్నర మీటర్లు. 2028లో బయలుదేరవలసిన డ్రాగన్‌ఫ్లై అనే ఎగిరే యంత్రం అక్కడికి చేరి ఆ గాలిని కొలుస్తుంది.

చినుకు అంత మెల్లగా దిగే చోట వాన వస్తోందని తల ఎత్తి చూసి, అది మీద పడేలోగా పక్కకు తప్పుకోవచ్చు. అక్కడి పిల్లలు గొడుగు వాడరు, చినుకుల మధ్య నుంచి తడవకుండా నడిచి చూపిస్తామని పందెం వేసుకుంటారు. ఆ వానకు తెలుగులో పేరు లేదు. జల్లు అందామంటే చినుకు మరీ పెద్దది, జడి అందామంటే మరీ నిదానం. కొన్నాళ్ళు 'దిగువాన' అని పెట్టుకున్నాను, నచ్చలేదు. మీలో కథలు రాసేవారు ఎవరైనా ఉంటే, ముందు ఆ పేరు ఆలోచించి నాకు చెప్పండి.